ఐ7 స్టిక్కరుతో ఆఫీసు పని నడవదు

లాప్‌టాప్ కొనాలనుకుంటున్నానని నలుగురిలో అంటే చాలు, సలహా అప్పటికే తయారుగా ఉంటుంది. "ఉన్న డబ్బుకి వచ్చే పెద్ద ప్రాసెసర్ చూసుకో. ఐ7 అయితే మరీ మంచిది. పదహారు జీబీ ర్యామ్, ఒక టీబీ ఎస్‌ఎస్‌డీ, వీలైతే గ్రాఫిక్ కార్డు. ఆ బిజినెస్ లాప్‌టాప్‌ల జోలికి పోకు. అవి కంపెనీలు కొనుక్కునేవి. అదే రేటుకి తక్కువ సరుకిస్తారు, పైగా చూడ్డానికి కూడా బాగుండవు." షాపువాడూ ఇదే అంటాడు, సాఫ్ట్‌వేర్‌లో ఉన్న మేనల్లుడూ ఇదే అంటాడు, యూట్యూబ్‌లో రివ్యూ చేసే కుర్రాడూ ఇదే అంటాడు.

ఈ వాదనకి ఉన్న బలాన్ని ముందు ఒప్పుకుందాం. ఒకే ధరలో రెండు పెట్టెలు పక్కపక్కన పెట్టండి. ఒకటి ఇంటి వాడకానికని అమ్మే సన్నటి మోడల్. రెండోది థింక్‌ప్యాడ్ ఈ14, హెచ్‌పీ ప్రోబుక్ 440, డెల్ లాటిట్యూడ్ 3000 వరసల్లాంటి చవక బిజినెస్ మోడల్. మొదటిదాని మీద ఐ7, 16 జీబీ, 1 టీబీ అని ఉంటుంది. రెండోదాని మీద ఐ5, 8 జీబీ, 512 జీబీ. కాగితం మీద మొదటిదే గెలుస్తుంది, అనుమానం లేదు. దానికి తోడు, ఒకసారి కొంటే ఐదారేళ్లు వాడతాం కాబట్టి ఇప్పుడే పెద్ద ప్రాసెసర్ కొంటే ముందుముందు స్లో కాదన్న మాట కూడా ఉంది. వినడానికి సబబుగానే ఉంటుంది.

రోజువారీ పని చేసుకునేవాడికి మాత్రం ఈ సలహా తప్పు. ఏదో ఒక మూల కాదు, మొదలు నుంచి చివరిదాకా తప్పు. రోజువారీ పని అంటే ట్యాలీ, ఎక్సెల్, జీఎస్‌టీ పోర్టల్, వర్డ్‌లో అఫిడవిట్, వాట్సాప్ వెబ్, వారానికి రెండు వీడియో మీటింగులు. మీసేవ సెంటర్ నడిపేవాళ్లు, జూనియర్ లాయర్లు, టాక్స్ ప్రాక్టీషనర్లు, హెడ్‌మాస్టర్లు, రైస్ మిల్లు గుమాస్తాలు, ఎల్‌ఐసీ ఏజెంట్లు చేసే పని. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవాళ్లూ, గేములు ఆడేవాళ్లూ ఈ వ్యాసం చదవనక్కర్లేదు. వాళ్ల విషయంలో పై సలహాయే కరెక్టు.

1. ఐ7 అంటే ఏమిటో ముందు చూద్దాం

2022లో వచ్చిన ఇంటెల్ పన్నెండో తరం చిప్పులు తీసుకోండి. సన్నటి లాప్‌టాప్‌లలో ఎక్కువగా కనిపించిన జంట ఐ5-1235యు, ఐ7-1255యు. ఐ5లో పది కోర్లు, వాటిలో రెండు పెద్దవి, ఎనిమిది చిన్నవి. ఐ7లోనూ అవే పది, అవే రెండు, అవే ఎనిమిది. క్యాష్ రెండింటికీ 12 ఎంబీ. బేస్ పవర్ రెండింటికీ 15 వాట్లు. మరి తేడా ఏమిటి? ఐ5 గరిష్ఠ వేగం 4.4 గిగాహెర్ట్జ్, ఐ7ది 4.7. లోపలి గ్రాఫిక్స్ యూనిట్లు ఒకదానిలో 80, ఇంకోదానిలో 96. అంతే. వేగంలో తేడా ఏడు శాతం కూడా లేదు, అదీ చిప్పు కాసేపు పైకెగిరినప్పుడు మాత్రమే.

ఆ తర్వాతి తరంలో ఐ5-1335యు, ఐ7-1355యు వచ్చాయి. అక్కడా రెండు పెద్దవి, ఎనిమిది చిన్నవి. ఆ తర్వాత ఇంటెల్ పేర్లలో "ఐ" తీసేసి కోర్ 5 120యు, కోర్ 7 150యు అని అమ్మింది. మళ్లీ అదే రెండు ప్లస్ ఎనిమిది. అంతెందుకు, అందరూ చిన్నచూపు చూసే ఐ3-1215యులో కూడా పెద్ద కోర్లు రెండే, గరిష్ఠ వేగం 4.4 గిగాహెర్ట్జే. తగ్గింది చిన్న కోర్లు, ఎనిమిదికి బదులు నాలుగు. ట్యాలీలో వోచర్ ఎంట్రీ చేసేటప్పుడు, వర్డ్‌లో పిటిషన్ టైపు చేసేటప్పుడు ఆ మిగతా నాలుగు చిన్న కోర్లు ఏం చేస్తుంటాయని అడిగితే ఒకటే జవాబు. నిద్రపోతుంటాయి.

ఐ7 అన్నది ఒక తరంలో లోపలి వరస మాత్రమే. తరం మారితే ఆ అంకెకి విలువ మారిపోతుంది. ఏడో తరం ఐ7-7500యులో ఉన్నవి రెండు కోర్లు. 2017లో వచ్చిన ఎనిమిదో తరం ఐ5-8250యులో నాలుగు. అంటే "ఐ7 కొన్నాను" అని చెప్పుకున్నవాడికన్నా ఆ తర్వాత ఐ5 కొన్నవాడి చేతిలో రెట్టింపు కోర్లున్నాయి. ఇప్పటికీ పాత లాప్‌టాప్‌లు అమ్మేవాళ్లు "సార్, ఐ7 మెషిన్" అని గొంతు పెంచి చెప్పేది ఆ రెండు కోర్ల సరుకు గురించే.

ఏఎమ్‌డీ ఈ విద్యలో ఇంకో మెట్టు పైన ఉంది. రైజెన్ 5 7520యు, రైజెన్ 5 7530యు అని రెండు చిప్పులున్నాయి. అంకెలో తేడా పది. లోపల చూస్తే మొదటిది జెన్ 2 అనే 2019 నాటి డిజైన్ మీద కట్టిన నాలుగు కోర్లు, రెండోది జెన్ 3 మీద కట్టిన ఆరు కోర్లు. ఆ నాలుగంకెల నంబరులో మూడో అంకె చూస్తేనే లోపల ఏ డిజైనుందో తెలిసేది. రెండు ఉంటే జెన్ 2, మూడు ఉంటే జెన్ 3, నాలుగు ఉంటే జెన్ 4. ఈ సంగతి షాపులో ఎంతమంది చెబుతారు? పెట్టె మీద "7000 సిరీస్" అని మాత్రం పెద్దక్షరాలతో ఉంటుంది.

"ముందుముందు పనికొస్తుంది" అన్న మాటకొద్దాం. నాలుగేళ్లు దాటిన లాప్‌టాప్ ఎందుకు నీరసించిపోతుందో ఏ రిపేరు షాపులోనైనా అడగండి. ర్యామ్ చాలదు. ఎస్‌ఎస్‌డీ నిండిపోతుంది. ఫ్యాన్‌లో దుమ్ము పేరుకుంటుంది, ప్రాసెసర్ మీద పేస్టు ఎండిపోతుంది. బ్యాటరీ గంటకి పడిపోతుంది. ఈ నాలుగింటిలో ఒక్కదానికీ ఐ7 మందు కాదు. ర్యామ్ స్లాటు ఖాళీగా ఉండడం, వెనక మూత సులువుగా తెరుచుకోవడం, బ్యాటరీ మార్కెట్లో దొరకడం, ఇవీ మందులు. ఇవి స్టిక్కరు మీద ఉండవు.

ఇంకొకటి. మే నెలలో రామగుండంలోనో ఖమ్మంలోనో ఏసీ లేని గదిలో, సన్నటి ప్లాస్టిక్ ఒంట్లో, ఒకే చిన్న ఫ్యాన్‌తో నడిచే ఐ7 తన 4.7 గిగాహెర్ట్జ్ దగ్గర ఎంతసేపుంటుంది? వేడెక్కగానే తనంతట తనే తగ్గుతుంది, తగ్గేలాగే తయారుచేస్తారు. ఇక రిటర్ను గడువు ముగిసే 20వ తేదీ సాయంత్రం జీఎస్‌టీ పోర్టల్ గుండ్రంగా తిరుగుతూ కూర్చుంటే, ఐ7 కూడా దాన్ని చూస్తూ కూర్చోవాల్సిందే.

2. "అదే డబ్బుకి ఎక్కువ" ఎక్కణ్ణుంచి వస్తుంది

ఈ వాదనలో అసలు లోపం ఇక్కడుంది. ఒకే ధరకి ఒకడు పెద్ద చిప్పు, రెట్టింపు స్టోరేజీ ఇస్తున్నాడంటే ఆ డబ్బు ఎక్కడో ఒకచోట మిగిల్చాలి. తయారీదారు ధర్మానికి ఇవ్వడు కదా. ఎక్కడ మిగులుస్తాడు? కొనేవాడు చూడని చోట. షాపు ముందు అంటించిన కాగితం మీద నాలుగే వివరాలుంటాయి, ప్రాసెసర్, ర్యామ్, స్టోరేజీ, స్క్రీన్ సైజు. ఆ నాలుగూ పెంచి, కాగితం మీద లేనివన్నీ కోసేస్తాడు.

మొదటి కోత కీబోర్డులో. రోజుకి ఎనిమిది గంటలు మన చేతులుండేది ప్రాసెసర్ మీద కాదు, కీల మీద. ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్‌లో తెలుగు టైపు చేసేవాళ్ల సంగతి చూడండి. పొల్లు ఉండేది ఇంగ్లిషు డి కీ మీద. "స్త్రీ" అని కొట్టాలంటే ఆరు కీలు నొక్కాలి, అందులో డి రెండుసార్లు. రోజంతా దస్తావేజులు టైపు చేసే మనిషి డి కీ మీద ఎన్ని వేల సార్లు వేలు వేస్తాడో ఊహించుకోండి. కీ లోతు లేకపోతే, మధ్యలో బోర్డు వంగిపోతుంటే, ఒత్తు పడిందో లేదో ప్రతిసారీ స్క్రీన్ చూసుకోవాలి. సాయంత్రానికి తప్పులు, మెడనొప్పి.

ట్యాలీవాళ్లకి ఇంకో తిప్పలు. ట్యాలీ నడిచేదే పైవరస కీల మీద. ఎఫ్5 పేమెంట్, ఎఫ్6 రిసీట్, ఎఫ్7 జర్నల్, ఎఫ్8 సేల్స్, ఎఫ్9 పర్చేజ్. ఇంటి వాడకపు లాప్‌టాప్‌లలో చాలావాటికి ఆ వరసంతా సౌండు, వెలుతురు తగ్గించే బటన్లుగా పెట్టి పంపుతారు. ఎఫ్8 నొక్కితే సేల్స్ వోచర్ రాదు, పాట ఆగిపోతుంది. సెట్టింగ్స్‌లో మార్చుకోవచ్చు, నిజమే. కానీ హోమ్, ఎండ్, పేజ్ అప్ కీలు అసలు లేకుండా చేస్తే, పైకీ కిందకీ వెళ్లే బాణం కీలని సగానికి కుదిస్తే ఏ సెట్టింగ్‌లో మారుస్తారు? బిజినెస్ వరసలు తయారుచేసేవాళ్లు ఈ కీల మీద చెయ్యి వేయడానికి జంకుతారు, ఎందుకంటే వేల సంఖ్యలో కొనే కంపెనీల అకౌంట్స్ డిపార్ట్‌మెంట్లు ఊరుకోవు. (14 అంగుళాల బిజినెస్ మోడళ్లలో నంబర్ ప్యాడ్ ఉండదు. అంకెలే జీవితమైనవాళ్లు 16 అంగుళాలది తీసుకోవాలి, లేదా యూఎస్‌బీ నంబర్ ప్యాడ్ విడిగా కొనుక్కోవాలి.)

రెండో కోత బ్యాటరీలో. ఎన్ని గంటలొస్తుందని అడిగితే ప్రతి బ్రోషరూ పది, పన్నెండు అంటుంది. గంటలు కాదు, వాట్ అవర్లు అడగండి. సాధారణ ఆఫీసు పనికి లాప్‌టాప్ సగటున ఏడెనిమిది వాట్లు తింటుందనుకుంటే 42 వాట్ అవర్ల బ్యాటరీ ఐదారు గంటలు, 57 వాట్ అవర్లది ఏడెనిమిది గంటలు. చేతివేళ్ల మీద వేసే లెక్క ఇది. కోర్టు హాల్లో ప్లగ్ కోసం వెతుక్కునే లాయరుకి తెలుసు, ఆ రెండు గంటల విలువ ఎంతో.

మూడోది పోర్టులు. మన దగ్గర ఆఫీసు పనికి సన్నటి యూఎస్‌బీ-సీ ఒక్కటీ చాలదు. డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ ఒకటి, వేలిముద్ర స్కానర్ ఒకటి, ప్రింటర్ ఒకటి, మౌస్ ఒకటి. ఇవన్నీ ఇంకా పాత వెడల్పాటి యూఎస్‌బీవే. ఆధార్ వేలిముద్ర పరికరాన్ని నాసిరకం హబ్బులో పెట్టి అది మధ్యలో ఊడిపోతుంటే, క్యూలో నిలబడ్డ ముసలాయన బొటనవేలు నాలుగోసారి పెట్టాల్సి వస్తుంది. థింక్‌ప్యాడ్ ఈ14, ప్రోబుక్ 440 లాంటివాటిలో నెట్‌వర్క్ కేబుల్ పెట్టుకునే పోర్టు కూడా ఉంటుంది. వైఫై అంతంతమాత్రంగా ఉండే గవర్నమెంటు ఆఫీసులో ఆ ఒక్క రంధ్రం పని ఆపకుండా కాపాడుతుంది.

ఇక హింజ్. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కి వెళ్లి ఏదైనా రిపేరు కౌంటర్ ముందు ఓ అరగంట నిలబడండి. మూత తెరిస్తే మూలన పగిలి పైకి లేచిన లాప్‌టాప్‌లు వరసగా వస్తుంటాయి. స్క్రూ పట్టుకునే చిన్న ఇత్తడి గింజలు పల్చటి ప్లాస్టిక్‌లోంచి ఊడిపోయి ఉంటాయి. షాపతను ఆరల్డైట్ కలిపి, గింజని మళ్లీ కూర్చోబెట్టి, పైన బరువుపెట్టి "రేపు రండి" అంటాడు. ఆ అతుకు ఆర్నెల్లు ఉంటే అదృష్టం. ఆ మెషిన్ మీద ఐ7 స్టిక్కరు మాత్రం చెక్కుచెదరదు.

ర్యామ్ విషయంలో ఒక్క మాట చెప్పి ముందుకెళ్తాను. "16 జీబీ" అన్న అంకె కన్నా అది బోర్డుకి అతికించిందా, స్లాటులో ఉందా అన్నది పెద్ద ప్రశ్న. థింక్‌ప్యాడ్ ఈ14 ఆరో జనరేషన్‌లో రెండు స్లాట్లున్నాయి. అలాంటిదాంట్లో ఈరోజు 8 జీబీతో మొదలుపెట్టినవాడు రేపు ఇంకోటి వేసుకుంటాడు. అతికించిన మెమరీ చెడిపోతే మాత్రం మదర్‌బోర్డే మార్చాలి.

3. "అవి కంపెనీలకే, మనకెందుకు"

ఈ మాట అనేవాళ్లలో ఎక్కువమంది మాదాపూర్, గచ్చిబౌలిలో పనిచేసే మనవాళ్లే. వాళ్ల భుజాన ఉన్న బ్యాగు ఒకసారి తెరిచి చూడండి. కంపెనీ ఇచ్చిన లాటిట్యూడో, ఎలీట్‌బుక్కో, థింక్‌ప్యాడో ఉంటుంది. దాని మీద నాలుగేళ్లుగా జీతం సంపాదిస్తున్నారు, అది ఆగిన రోజు లేదు. అయినా ఊళ్లో మామయ్యకి సలహా చెప్పేటప్పుడు మాత్రం ఎర్రలైట్లు వెలిగే గేమింగ్ మెషిన్ లింకు పంపిస్తారు. తాము పని దేని మీద చేస్తున్నారో చెప్పరు, తాము దేని మీద ఆడుకోవాలనుకుంటున్నారో చెబుతారు.

దానికి వాళ్ల జవాబు నాకు తెలుసు. "కంపెనీకి ఐటీ డిపార్ట్‌మెంటు ఉంటుంది, డిస్కౌంట్ ఉంటుంది, మామూలు మనిషికి అవి లేవు కదా." సరే. ఐటీ డిపార్ట్‌మెంటు లేనివాడికే కదా చెడిపోని మెషిన్, చెడిపోతే తేలిగ్గా బాగయ్యే మెషిన్ ఎక్కువ అవసరం! కంపెనీలో లాప్‌టాప్ పోతే మధ్యాహ్నానికి ఇంకోటి ఇస్తారు. భద్రాచలంలో టాక్స్ ప్రాక్టీషనర్‌ది పోతే? క్యారీ-ఇన్ వారంటీ అంటే అర్థం, ఆయనే దాన్ని సంచిలో పెట్టుకుని బస్సెక్కాలి. ఖమ్మం వందకు పైగా కిలోమీటర్లు. ఇచ్చి రావాలి, మళ్లీ తెచ్చుకోవడానికి వెళ్లాలి. ఆన్‌సైట్ వారంటీ అంటే మనిషే ఇంటికొస్తాడు. ఇంటి వాడకపు మోడళ్లకి సాధారణంగా ఏడాది వారంటీతో సరిపెడతారు. బిజినెస్ వరసల్లో మూడేళ్ల ఆన్‌సైట్ కొనుక్కునే వీలుంటుంది, కొన్ని మోడళ్లకి దాంతోనే అమ్ముతారు. మీ పిన్‌కోడుకి ఆ సేవ ఉందో లేదో డబ్బు కట్టకముందే అడిగి తెలుసుకోవాలి.

లాప్‌టాప్ ఆగితే నష్టం ఎంతో లెక్కేద్దాం. నెలవారీగా జీఎస్‌టీఆర్-1కి గడువు 11వ తేదీ, జీఎస్‌టీఆర్-3బీకి 20వ తేదీ. 3బీ ఆలస్యమైతే రోజుకి 50 రూపాయలు, నిల్ రిటర్న్ అయితే 20. చిన్నమొత్తాలే. కానీ ఇరవైమంది క్లయింట్ల డేటా 19వ తేదీ రాత్రి ఆ లాప్‌టాప్‌తో పాటు నిద్రపోయిందనుకోండి. రోజుకి వెయ్యి రూపాయలు, పైన పన్ను మీద వడ్డీ, ఆ పైన క్లయింట్ల దగ్గర పోయే పేరు. ఐ5కీ ఐ7కీ ఉన్న ఏడు శాతం వేగం ఈ బాకీని ఎన్నేళ్లకి తీరుస్తుంది?

విడిభాగాల సంగతి ఇంకా ముఖ్యం. దీని వెనక ఒక కారణం ఉంది. పెద్ద కంపెనీలు ఒకే మోడల్‌ని వేలల్లో కొని, మూడు నాలుగేళ్లకి మొత్తంగా వదిలించుకుంటాయి. ఆ సరుకు విప్పి అమ్మేవాళ్ల దగ్గరికి చేరుతుంది. అందుకే లాటిట్యూడ్ కీబోర్డు, థింక్‌ప్యాడ్ బ్యాటరీ, ఎలీట్‌బుక్ స్క్రీన్ ఏడెనిమిదేళ్ల తర్వాత కూడా సీటీసీలో దొరుకుతాయి. ఇంటి వాడకపు మోడల్ ఏడాదికోసారి పేరు మార్చుకుంటుంది. ఒకే పేరు కింద చివర అక్షరాలు మార్చి పది రకాలు అమ్ముతారు. దాని కీబోర్డు కావాలంటే "ఆర్డర్ పెట్టాలి సార్, పది రోజులు" అనే జవాబే వస్తుంది. లెనోవో, డెల్, హెచ్‌పీ బిజినెస్ మోడళ్లకి ఏ స్క్రూ ఎక్కడుందో, ఏ భాగం నంబరు ఎంతో చెప్పే సర్వీస్ మాన్యువల్స్ అందరికీ ఉచితంగా పెడతాయి. జిల్లా కేంద్రంలో రిపేరు కుర్రాడికి అది చేతికిస్తే చాలు, పని సగం అయినట్టే.

డిస్కౌంట్ గురించి కూడా చెప్పుకోవాలి. జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ ఉన్న వ్యాపారి తన నంబరు వేయించి బిల్లు తీసుకుంటే లాప్‌టాప్ మీద కట్టిన 18 శాతం ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్‌గా వాడుకోవచ్చు. 50,000 ధర మీద అది 9,000. కాంపోజిషన్ స్కీమ్‌లో ఉన్నవాళ్లకి ఇది వర్తించదు. ఆదాయపు పన్నులో కంప్యూటర్ల మీద తరుగుదల 40 శాతం. ఇవన్నీ వదిలేసి పండగ సేల్‌లో జీఎస్‌టీ నంబరు లేకుండా సొంత పేరు మీద బిల్లు తీసుకుని, నాలుగు వేలు కలిసొచ్చిందని సంబరపడేవాళ్లని చూస్తే జాలేస్తుంది.

4. "గ్రాఫిక్ కార్డుంటే పోయేదేముంది"

పోయేది చాలానే ఉంది. బరువు రెండు కిలోలు దాటుతుంది. ఛార్జర్ ఒక్కటే అరకిలో దాకా ఉంటుంది. ఫ్యాన్ల మోత, ఒళ్లో పెట్టుకోలేనంత వేడి, మూడు నాలుగు గంటలకే చేతులెత్తేసే బ్యాటరీ. ఎక్సెల్‌కి, ట్యాలీకి ఆ కార్డు అక్కర్లేదు. బిజినెస్ మోడల్ 65 వాట్ల యూఎస్‌బీ-సీ ఛార్జర్‌తో నడుస్తుంది. ఇంట్లో మర్చిపోతే పక్కవాళ్లది తీసుకోవచ్చు.

5. బిజినెస్ అని రాసి ఉంటే చాలదు

నేను చెప్పినదాన్ని పట్టుకుని పెట్టె మీద "బిజినెస్", "ప్రో" అన్న మాటలు చూసి కొనేవాళ్లుంటారు. అదీ స్టిక్కరు మోజే.

చవక బిజినెస్ లాప్‌టాప్‌లకి పెద్ద రోగం స్క్రీన్. 250 నిట్ల వెలుతురు, 45 శాతం ఎన్‌టీఎస్‌సీ రంగులు, కొన్నిటిలో ఇంకా టీఎన్ ప్యానెల్. పక్కన కూర్చున్న క్లయింటుకి బ్యాలెన్స్ షీట్ చూపిద్దామంటే ఆయనకి బూడిదరంగు కనిపిస్తుంది. శుభలేఖలు, ఫ్లెక్సీలు డిజైన్ చేసే డీటీపీవాళ్లకి ఈ ప్యానెళ్లు అస్సలు పనికిరావు. స్క్రీన్ మీద కనిపించిన కుంకుమరంగు ప్రింటులో ఇంకోలా వస్తుంది. ఐపీఎస్ ప్యానెల్, 300 నిట్లు, మెరవని మ్యాట్ పూత, వీలైతే 1920×1200 రిజల్యూషన్ ఉన్నది చూసుకోండి. మామూలు 1920×1080 కన్నా 120 వరసల చుక్కలు ఎక్కువ, ఎక్సెల్‌లో నాలుగైదు అడ్డువరసలు అదనంగా కనిపిస్తాయి. లెనోవో అయితే పీఎస్‌రెఫ్ అనే తన వివరాల సైట్‌లో ఒక్కో మోడల్ నంబరుకి ఏ ప్యానెల్, ఎన్ని నిట్లు, మెమరీ అతికించిందా స్లాటా అన్నీ విడిగా రాస్తుంది. షాపువాడి మాట నమ్మక్కర్లేదు.

"మిలిటరీ గ్రేడ్" అన్న ముద్ర గురించి కూడా అమాయకత్వం వద్దు. మిల్-స్టాండర్డ్-810 అనేది అమెరికా రక్షణ శాఖ పరీక్షా పద్ధతుల పుస్తకం. ఆ పుస్తకంలోంచి ఏ పరీక్షలు చేయాలో తయారీదారే ఎంచుకుంటాడు, తనే చేయించుకుంటాడు, తనే ముద్ర వేసుకుంటాడు. ఫలానా లాప్‌టాప్ పాసైందని సర్టిఫికెట్ ఇచ్చే సైన్యం ఏదీ లేదు. ఇప్పుడు ఇంటి వాడకపు మోడళ్ల మీద కూడా ఈ ముద్ర కనిపిస్తోంది. దాన్ని చూసి బిజినెస్ మోడల్ కొన్నవాడు, ఐ7 చూసి కొన్నవాడికన్నా తెలివైనవాడేం కాదు.

అన్ని బిజినెస్ మోడళ్లూ సులువుగా విప్పేవీ కావు. థింక్‌ప్యాడ్ టీ480 కీబోర్డు రెండు స్క్రూలు వదులు చేస్తే జారి బయటికొస్తుంది. చవక వరసల్లో కొన్నిటికి కీబోర్డు పైభాగంతో కలిసే ఉంటుంది, మారిస్తే మొత్తం మార్చాలి. అందుకే లాప్‌టాప్ కొనకముందే దాని సర్వీస్ మాన్యువల్ తెరిచి చూడండి. విండోస్ హోమ్, ప్రో తేడా కూడా గమనించుకోవాలి. ఇంటి నుంచి ఆఫీసు కంప్యూటర్‌లోకి రిమోట్ డెస్క్‌టాప్ ద్వారా వెళ్లాలంటే అక్కడ ప్రో ఉండాలి.

6. సెకండ్ హ్యాండ్ అనగానే మొహం చిట్లించేవాళ్లకి

ముప్పై వేలకి కొత్త లాప్‌టాప్ కావాలంటే దొరికేది నాసిరకమే. చిన్న ప్రాసెసర్, అతికించిన 8 జీబీ, మసక స్క్రీన్, ఏడాది వారంటీ. ఆ డబ్బుకి కంపెనీలు వదిలేసిన మంచి బిజినెస్ మెషిన్ ఎన్నో రెట్లు మేలు. "ఎవడో వాడి పడేసిందా" అన్న నామోషీ తప్ప ఇందులో వాదన ఏమీ లేదు. 2018లో వచ్చిన టీ480లో రెండు ర్యామ్ స్లాట్లు, లోపల ఒక బ్యాటరీ, బయటికి తీసే ఇంకో బ్యాటరీ ఉన్నాయి. బయటిది 72 వాట్ అవర్లది వేస్తే పొద్దున్నించి సాయంత్రం దాకా ప్లగ్ మొహం చూడక్కర్లేదు.

అయితే ఇక్కడ ఒక గీత గట్టిగా గీసుకోవాలి. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. విండోస్ 11 జాబితా ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం నుంచే మొదలవుతుంది, టీపీఎం 2.0 ఉండాలి. అందుకే ఆరో తరం, ఏడో తరం సరుకు మార్కెట్లోకి కుప్పలుగా వచ్చి పడుతోంది, చవగ్గా. అడ్డదారిలో విండోస్ 11 ఎక్కించి అమ్మేవాళ్లున్నారు. క్లయింట్ల పాన్, బ్యాంకు వివరాలు పెట్టుకునే మెషిన్‌కి అది వద్దే వద్దు. బ్యాటరీ రిపోర్టు తీయించండి, కొత్తలో కెపాసిటీ ఎంత, ఇప్పుడు నిండేది ఎంత అన్నవి పక్కపక్కనే ఉంటాయి. బయోస్‌లోకి వెళ్లి చూడండి, పాత కంపెనీ పాస్‌వర్డ్ ఉంటే అక్కడికక్కడే వెనక్కి ఇచ్చేయండి.

కాబట్టి తీర్పు ఇది. ట్యాలీ, ఎక్సెల్, వర్డ్, పోర్టళ్లతో రోజు గడిపేవాళ్లకి ఐ7 మీద పెట్టే అదనపు డబ్బు దండగ. ఇప్పటి తరం ఐ5 లేదా కోర్ 5 గానీ, జెన్ 3 లేదా ఆపైన రైజెన్ 5 గానీ చాలు. మిగిలిన డబ్బు కీబోర్డుకి, ఐపీఎస్ స్క్రీన్‌కి, ఖాళీ ర్యామ్ స్లాటుకి, మూడేళ్ల ఆన్‌సైట్ వారంటీకి పెట్టండి. షాపులో మీ పని మీరు పావుగంట టైపు చేసి చూస్తామని అడగండి, మీ సిగ్నేచర్ టోకెన్ వెంట తీసుకెళ్లి పెట్టి చూడండి. అందుకు ఒప్పుకోని షాపులో కొనకండి.